తదితరుల్లో ఒకామె

పోయిన నెల మా అత్తగారి కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు రాయించుకోవడానికి హాల్లో కూర్చున్నాం. గోడకున్న టీవీలో ఏదో పాత సీరియల్ మళ్ళీ వేస్తున్నారు. సౌండు పెట్టలేదు. పట్టుచీర కట్టుకున్న కథానాయిక మంచం మీద పడి ఏడుస్తోంది. తలుపు తోసుకుని ఒక పెద్దామె మజ్జిగ గ్లాసుతో వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టలేదు. ఏడుస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని, బిగించిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అందులో గ్లాసు పెట్టి, ఆ వేళ్ళని మళ్ళీ తన చేత్తో మూసింది. ఏదో ఒక్క మాటంది. వెళ్ళిపోయింది. అర నిమిషం కూడా పట్టలేదు.

మా అత్తగారికి ఒక కంటికి కట్టు ఉంది. రెండో కంటితోనే చూసి నా మోచెయ్యి పొడిచింది.

"ఏమేవ్, ఆమె మనకి తెలిసినామె కదూ?"

"తెలిసినామే అత్తయ్యా. మన పేట ఆమే."

"అదీ! ఎక్కడో చూశాననుకుంటన్నా. బాగుందా?"

నేను ఆమె వేసుకున్న ఆకుపచ్చ జాకెట్టు వంకే చూస్తున్నాను. ఎడమ భుజం దగ్గర చిన్న ముడత పడింది. ఆ ముడత నా తప్పు. ఆ జాకెట్టు నేనే కుట్టాను. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ గుర్తు రాదు. సీరియల్ మొదట్లో పేర్లు వరసగా పడి పడి, ఆఖర్న 'తదితరులు' అని ఒక మాట పడుతుంది. ఇరవయ్యేళ్ళకి పైగా ఆమె ఆ మాటలోనే ఉంది.

చిలకలూరిపేటలో పాత బస్టాండు వెనక సందులో నాది లేడీస్ టైలరింగ్ దుకాణం. ఆమె మొదటిసారి వచ్చింది మిరపకాయల రోజుల్లో. అప్పుడు కోల్డ్ స్టోరేజీలకి లారీలు వరసగా పోతుంటాయి, మా సందులో అందరం ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ ఉంటాం. ఆమె మాత్రం తుమ్మలేదు. మెట్టెక్కి వచ్చి, సంచిలోంచి కొత్త జాకెట్టు తీసి నా ముందు పెట్టి, "దీన్ని కాస్త పాడు చెయ్యాలమ్మాయ్" అంది.

నాకర్థం కాలేదు. "లూజు చెయ్యాలాండీ?"

"లూజు కాదు. పాడు చెయ్యాలి. ఏడెనిమిదేళ్ళ నించి ఒకే మనిషి తొడుక్కున్నట్టుండాలి. చంకల కింద రంగు పోవాలి. ఒక హుక్కు ఊడిపోయి, దాని బదులు పిన్నీసు ఉండాలి. మెడ దగ్గర చిరిగితే చేత్తో కుట్టుకున్నట్టుండాలి. ఆ కుట్టు మాత్రం చక్కగా ఉండకూడదు. చూపు ఆననామె, దీపం ముందు కూర్చుని కుట్టుకున్నట్టుండాలి. చెయ్యగలవా?"

నీటుగా కుట్టడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. వంకరగా కుట్టమని అడిగిన మొదటి మనిషి ఈమే. మొహం చూస్తే ఎక్కడో బాగా చూసినట్టుంది. ఆలోచించి, "మీరు మా అమ్మాయి స్కూల్లో టీచరు కదండీ?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగింది. నడుం నిటారుగా చేసింది. కళ్ళజోడు లేకపోయినా కళ్ళజోడు పైనుంచి చూసినట్టు చూసింది.

"ఏ క్లాసు మీ అమ్మాయి?"

"ఐదండీ. బి సెక్షను."

"లెక్కల్లో వెనకబడింది. కూర్చోబెట్టి ఎక్కాలు చదివించు."

"అట్టాగేనండీ" అన్నాను చేతులు కట్టుకుని. ఆ సాయంత్రం పిల్లని కూర్చోబెట్టి పదమూడో ఎక్కం దాకా చెప్పించాను కూడా.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం టీవీలో నేను పాడు చేసిన జాకెట్టు కనపడింది. లోపల ఆ టీచరుంది. మళ్ళీ దుకాణానికి వచ్చినప్పుడు నిలదీశాను. "టీచర్నని అబద్ధం చెప్పారేంటండీ?"

"నేను చెప్పలేదమ్మాయ్. నువ్వు చెప్పావు. ఆ పూట నీకు టీచరు కావాలనిపించింది. అయ్యాను." నవ్వి, "మీ అమ్మాయికి ఎక్కాలొచ్చాయా?" అంది.

అప్పటి నుంచి ఆమెని అక్కా అన్నాను. ఆమె నన్ను ఎప్పుడూ అమ్మాయ్ అనే అంది.

సీరియళ్ళలో కథానాయికకి బట్టలు వాళ్ళే ఇస్తారట. ఈమెలాంటి క్యారెక్టర్ ఆర్టిస్టులు తమ బట్టలు తామే తెచ్చుకోవాలి. అందుకని హైదరాబాదు నుంచి కబురు రాగానే ముందు మా దుకాణానికి వచ్చేది. "ఈసారి ఎవరక్కా?" అని అడిగేదాన్ని. ఒకసారి జడ్జి, ఒకసారి హాస్టల్ వార్డెను, ఒకసారి ముగ్గురు కోడళ్ళని ఏడిపించే అత్త. చీర మడతలు విప్పుతూ ఆ మనిషి గురించి చెప్పేది. "ఈమెకి మోకాళ్ళ నొప్పులమ్మాయ్, కానీ ఎవరికీ చెప్పదు" అనేది. స్క్రిప్టులో ఆ మోకాళ్ళ నొప్పులు ఉండేవి కావు. అవి ఈమె పెట్టుకున్నవే.

రోడ్డు మీద ఆమెని ఎవరూ నటి అని గుర్తుపట్టేవాళ్ళు కాదు. చుట్టమనుకునేవాళ్ళు. నరసరావుపేట బస్సులో ఒకసారి మా ఎదురు సీట్లో కూర్చున్న ముసలామె చాలాసేపు చూసి, "నువ్వు మా చిన్నకోడలి పెద్దమ్మవి కదూ?" అంది. "అవునమ్మా, అంతా బాగున్నారా?" అంది ఈమె. ఇక ఆ ముసలామె అరగంట సేపు కోడలి మీద, కొడుకు మీద, ఎండిపోయిన పత్తి మీద ఉన్నదంతా చెప్పుకుని ఏడ్చింది. ఈమె వీపు నిమిరి, "పిల్లదానితో నేను మాట్లాడతాలే" అని మాటిచ్చింది కూడా.

బస్సు దిగాక నాకు కోపం వచ్చింది. "అట్టా మాటిస్తే ఎట్టా అక్కా? ఆమె ఎదురుచూస్తది."

ఆమె మొహం చిన్నబోయింది. "నిజమే. అక్కడ ఆగాల్సింది." నాలుగడుగులు వేసి, "ఏం చెయ్యను అమ్మాయ్, ఆ అరగంట నాకూ ఒక కూతురుంది, వియ్యాలవారున్నారు" అంది.

పర్చూరు వెళ్ళే దారిలో ఒక పల్లె ఆమెది. వాళ్ళ అమ్మ మిరప కల్లాల్లో కాయలకి తొడిమలు తీసే కూలిమనిషి. పిల్లప్పుడు ఈమె అమ్మ పక్కన కూర్చుని, కల్లానికి వచ్చే పెద్దమనుషుల నడకలు, ఊళ్ళో ఆడవాళ్ళ మాటలు చేసి చూపిస్తుంటే కూలివాళ్ళంతా పడీపడీ నవ్వేవాళ్ళట. ఒకసారి ఒంగోలు నుంచి వచ్చిన నాటకం వాళ్ళకి ఆడవేషం కట్టే మనిషి రాకపోతే ఈమెని నిలబెట్టారు. ఆ నిలబడ్డం నిలబడ్డమే.

ఆ తొడిమలు తీసే కూలిమనిషి వేషం ఆమెకి టీవీలో ఒక్కసారే వచ్చింది. ఎంత సంబరపడిందో! వేషం కట్టి వచ్చాక మాత్రం వారం రోజులు మా దుకాణంలో కూర్చుని అదే మాట.

"మిరపకాయలు వలిచే మనిషి చెమట అరచేత్తో తుడుచుకోదమ్మాయ్. కళ్ళు పోతాయి. ఇదిగో, ఇట్టా జబ్బతో తుడుచుకుంటది. మా అమ్మ అన్నం తినేటప్పుడు కూడా నీళ్ళ ముంత రెండు మణికట్ల మధ్య పట్టుకునేది. నేను అట్టా చేశాను. డైరెక్టరు కట్ అన్నాడు. చెయ్యి మొహానికి అడ్డం వస్తందంట. అరచేత్తో తుడుచుకోమన్నాడు."

"మరి?"

"తుడుచుకున్నా." కాసేపు తన అరచేతుల వంక చూసుకుంది. "కల్లాల్లో చూసినోళ్ళంతా నవ్వుకుని ఉంటారు, దీనికి మిరపకాయ తెలీదు అని."

ఆమె ఒక్కతే ఉండేది. ఒక గది, వరండా. పెళ్ళి జరగలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పల్లెలో వాళ్ళ ఇంటికీ ఈమెకీ రాకపోకలు లేవు. వాళ్ళది చర్చికి తప్పకుండా వెళ్ళే కుటుంబం. ఏదో సీరియల్లో ఈమె నిండుగా బొట్టు పెట్టుకుని కనపడేసరికి, చర్చిలో ఎవరో వాళ్ళ అమ్మని అందరి ముందూ ఒక మాటన్నారు. "ఆ బొట్టు మొహంతో నా గడప తొక్కమాక" అంది తల్లి. ఈమె తొక్కలేదు. అతికించే బొట్ల జిగురుకి ఆమె నుదుటి మీద గుండ్రంగా తెల్లమచ్చ పడిపోయింది, బొట్టు తీసేసినా తీసినట్టుండేది కాదు. తల్లి పోయినప్పుడు వెళ్ళి, సమాధుల దొడ్లో ఊరివాళ్ళ వెనక నిలబడి వచ్చేసింది. తమ్ముడు చూశాడు, పిలవలేదు.

ఒక దసరాకి నేను నాలుగు రోజులు దుకాణం మూశాను. మూడో రోజు ఆమె జాకెట్టు ఇద్దామని ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. దగ్గి, గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగాక అంది, "మొన్న నువ్వు దుకాణం మూసినప్పటి నించి ఎవరితోనూ మాట్లాళ్ళేదమ్మాయ్. పట్టేసింది." నవ్వుతూనే అంది. తర్వాత నుంచి పండగలకి కూడా పూటకి ఒక గంట షట్టరు తీసేదాన్ని. పనుందని చెప్పేదాన్ని.

ఆమె జీవితంలో పెద్ద సీను ఒకటి వచ్చింది. ఒక సీరియల్లో ఏళ్ళ తరబడి గిన్నెలు తోముతూ వెనక కనపడే పనిమనిషి ఈమె. ఉన్నట్టుండి రచయితకి ఏం తోచిందో, కథానాయికని కన్నతల్లి ఈ పనిమనిషే అని తేల్చాడు. ఆ సంగతి ఆమే కూతురికి చెప్పాలి. ఐదు పేజీల డైలాగు. ఆ కాగితాలు పట్టుకుని ఆమె సందులో దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, "విను" అంది. నేను మిషను ఆపాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా బల్ల మీదున్న లైనింగ్ గుడ్డ తీసుకుని మడతపెడుతూ చెప్పడం మొదలుపెట్టింది. మడత సరిగా రాలేదని విప్పింది, మళ్ళీ పెట్టింది. "నిన్ను నేనే కన్నాను" అన్న మాట దగ్గర తల ఎత్తలేదు. గుడ్డ అంచులు కలుపుతూనే అంది. ఆఖరికి ఆ మడతని కూతురికి ఇస్తున్నట్టు నా చేతికిచ్చింది. నా కళ్ళకి ఏమీ కనపడటం లేదు. హుక్కులు కుట్టే పిల్ల గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"బాగుందా?" అంది ఆమె భయంభయంగా.

ఆ సీను వచ్చే రోజు మా దుకాణంలోనే చూద్దామంది. నేను కారప్పూస, టీ తెప్పించాను. తెలిసిన ఆడవాళ్ళు నలుగురొచ్చారు. పల్లెలో తమ్ముడి నంబరుకి కూడా మెసేజ్ పెట్టిందట, ఫలానా రోజు ఫలానా టైముకి అని. సీను మొదలైంది. ఆమె గొంతు వినపడింది. తెర మీద మాత్రం కథానాయిక మొహం. ఈమె ఒక మాటంటే ఆ పిల్ల ఉలిక్కిపడ్డ మొహం, ఇంకో మాటంటే ఆ పిల్ల కన్నీళ్ళు, కన్నీళ్ళ మీద ఉరుములు, మళ్ళీ ఆ మొహమే మూడు వైపుల నుంచీ. ఐదు పేజీలూ అలాగే అయిపోయాయి. ఈమె కనపడింది రెండుసార్లు, అదీ వెనక నుంచి. గుడ్డ మడతపెట్టిన చేతులు ఎక్కడా లేవు.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"జాకెట్టు వీపు బాగా కుదిరిందమ్మాయ్" అంది.

నెల తిరక్కుండా ఆ సీరియల్లో ఆమెని చంపేసి, ఫొటోకి దండ వేసి గోడకి తగిలించారు. ఆ ఫొటో మాత్రం ఇంకో రెండేళ్ళు సీరియల్లో ఉంది. "బతికున్నప్పుడు వారానికోసారి కనపడేదాన్ని, ఇప్పుడు రోజూ కనపడతన్నా" అని నవ్వేది. కూరగాయల దగ్గర ఒకామె ఈమెని చూసి హడలిపోయి, "మీరు చచ్చిపోయారు కదండీ!" అందట. ఆ ముక్క నాకు చెప్పి నవ్వీ నవ్వీ, చివర కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంది జబ్బతోనే.

తర్వాత కబుర్లు తగ్గాయి. ఆమె వేసే అమ్మలకీ అత్తలకీ ముప్ఫై ఐదేళ్ళ వాళ్ళని పెడుతున్నారు. ఫోను ఎప్పుడూ చేతిలోనే పట్టుకుని మా దుకాణంలో కూర్చునేది. మోగేది కాదు.

ఒక రోజు మోగింది. తమ్ముడి కూతురు. "అత్తా, నా పెళ్ళి. నువ్వు రావాలి" అంది. ఆ పిల్ల నర్సు. ఈమెతో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. "మీ నాన్న చెప్పాడా?" అని అడిగింది ఈమె. "నేను చెబుతున్నాను కదత్తా" అంది ఆ పిల్ల.

మర్నాడే గంధం రంగు పట్టుగుడ్డ తెచ్చింది.

"ఈసారి ఎవరక్కా?"

"ఎవరూ కాదమ్మాయ్. నేనే."

"అయితే ఆది జాకెట్టు ఇవ్వండి" అన్నాను. కొలతకి ఇచ్చే పాత జాకెట్టుని ఆది అంటాం. ఆమె తెల్లబోయింది. ఇంటినిండా జాకెట్లే. "అవన్నీ వాళ్ళవి కదా" అంది మెల్లగా. టేపు పెట్టి కొత్తగా కొలతలు తీసుకున్నాను. మెడ ఎలా పెట్టనంటే చెప్పలేకపోయింది. జడ్జికి ఎలా ఉండాలో, పనిమనిషికి ఎలా ఉండాలో తడుముకోకుండా చెప్పేది. తనకి ఏది బాగుంటుందో తెలియదట. నాకు తోచినట్టు కుట్టాను. గుండ్రటి మెడ, మోచేతుల దాకా చేతులు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఎవరిలా ఉన్నాను?" అంది.

"మీలా ఉన్నారు."

"ఒక్కదాన్నే వెళ్ళలేనమ్మాయ్. నువ్వూ రా" అంది.

ఆటోలో వెళ్ళాం. రెండు పక్కలా పత్తి విచ్చుకుని ఉంది. ఆమె బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "బాగున్నావా తమ్ముడూ" అనే మాట రకరకాలుగా అనుకుంటోంది. ఒకసారి నవ్వుతూ, ఒకసారి నిష్ఠూరంగా, ఒకసారి ఏమీ జరగనట్టు. "ఏది బాగుంది?"

"మామూలుగా అనండక్కా."

"ఆ మామూలే రావట్లేదు."

చర్చి ముందు పందిట్లో తమ్ముడు కనపడ్డాడు. బట్టతల, చేతిలో కుర్చీ. ఈమెని చూసి ఆగిపోయాడు. "వచ్చావా" అన్నాడు. ఈమె తల ఊపింది. ఆటోలో అనుకున్నవి మూడూ పోయాయి. అతను చేతిలో ఉన్న కుర్చీనే చివరి వరసలో వేసి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు చూసి చూసి దగ్గరికొచ్చారు. ఒక పిల్ల ఫోను పట్టుకుని, "మీరు సీరియల్లో అత్త కదండీ? కోడల్ని తిట్టే డైలాగు ఒకటి చెప్పరా, వీడియో తీసుకుంటా" అంది. ఏది అడిగినా అయిపోయే మనిషి. ఈసారి ఆ పిల్ల బుగ్గ నిమిరి, "ఇవాళ నేను పెళ్ళికూతురి అత్తనమ్మా" అంది.

పెళ్ళయ్యాక ఫొటోగ్రాఫరు కుటుంబం వాళ్ళని రమ్మన్నాడు. అందరూ వెళ్ళారు. ఈమె లేవలేదు. తెల్లగౌనులో ఉన్న పిల్ల అంత దూరం నుంచి, "అత్తా! నువ్వు రాకుండా తీస్తారా?" అని కేకేసింది. పందిరి మొత్తం వెనక్కి తిరిగింది. ఆమె బ్యాగు నా చేతికిచ్చి, చీర సర్దుకుని వెళ్ళి వరస చివర, ఒకరి భుజం వెనక నిలబడింది. "మధ్యలోకి అత్తా" అంది పిల్ల. ఇక తమ్ముడి వంక చూశారంతా. అతను అరడుగు పక్కకి జరిగాడు.

ఆ అరడుగులో ఆమె నిలబడింది.

నేను ఫొటోగ్రాఫరు పక్కన నిలబడి చూస్తున్నాను. "పెద్దమ్మగారూ, కెమెరా వంక చూడండి" అన్నాడతను. చూసింది. క్లిక్కుమనే లోపు కళ్ళు పక్కకి జరిగిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి అతను విసుక్కుని వదిలేశాడు. తిరిగి వచ్చేటప్పుడు సిగ్గుపడుతూ చెప్పింది. "ఇరవయ్యేళ్ళ అలవాటమ్మాయ్. కెమెరాలోకి చూస్తే షాట్ పోద్ది."

ఆ తర్వాత తమ్ముడి కూతురు అప్పుడప్పుడూ ఫోను చేసేది. తమ్ముడు రెండుసార్లు వచ్చాడట, వరండాలోనే కూర్చుని వెళ్ళాడట. ఏడాది గడిచింది. ఆమెకి కడుపులో గడ్డ అన్నారు. గుంటూరులో ఆ పిల్ల పనిచేసే ఆస్పత్రిలోనే చేరింది. నేను చూడబోయినప్పుడు పక్క మంచం ఆమె ఈమెని తన మేనత్త అనుకుని కబుర్లు చెబుతోంది. ఈమె ఊఁ కొడుతోంది. మళ్ళీ వెళ్ళేసరికి ఊఁ కొట్టే ఓపిక కూడా లేదు. నా చెయ్యి పట్టుకుని పడుకుంది. పది రోజులకి పోయింది.

పల్లెకి తీసుకొచ్చారు. సమాధుల దొడ్డి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. చూసి ఆగిపోయాను. పెళ్ళినాటి ఫొటో. పక్కవాళ్ళని తీసేసి ఆమెని ఒక్కదాన్నే పెద్దది చేశారు. భుజం దగ్గర తమ్ముడి కోటు ముక్క మిగిలిపోయింది.

తమ్ముడు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. "ఇంట్లో ఫొటోలన్నీ వెతికామండీ. జడ్జిగా ఉంది, వార్డెనుగా ఉంది. అన్నీ వేషాలే. మా అక్క ఈ ఒక్కదాంట్లోనే ఉంది." కాసేపు ఫ్లెక్సీ వంక చూశాడు. "కాకపోతే ఎటో చూస్తంది. ఎవర్ని చూస్తందో తెలీటం లేదు."

ఆ రోజు ఫొటోగ్రాఫరుకి ఎడమ పక్కన, ఆమె బ్యాగు పట్టుకుని నిలబడింది నేను.

"నన్నేనండీ" అన్నాను.

అతను నా మొహం చూశాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఇంటివాళ్ళు ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేశారు. తమ్ముడు వేశాడు, ఆ పిల్ల వేసింది. ఊరివాళ్ళు ముందుకి రాబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. వెనక్కి తిరిగి నన్ను వెతుక్కున్నాడు.

"రండి. ముందు మీరు వెయ్యండి" అన్నాడు.

వంగి మన్ను తీసుకున్నాను. నల్లరేగడి, ఎండకి గడ్డలు కట్టి రాయిలా ఉంది. అలాగే వేస్తే పెట్టె మీద చప్పుడవుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి, మెత్తగా పొడి అయ్యేదాకా నలిపాను. అందరూ ఆగారు. అప్పుడు వేశాను.